తేమ కొలిచే వెంట్రుకలు

"ఎగ్జిబిషనూ గిగ్జిబిషనూ అని బిడ్డ తలమీద కత్తెర పెట్టరు కదా?" అంది వరదమ్మ, కూతురు పుస్తకాల సంచీ కూడా దించకముందే.

కత్తెర మాట ఎవరూ ఎత్తలేదు. తొమ్మిదో తరగతి చదువుతున్న కోమల గడపలో నిలబడి చెప్పిందల్లా ఒక్కటే: వచ్చే నెల పుత్తూరులో సైన్సు ఎగ్జిబిషన్ ఉందనీ, గాలిలో తేమను కొలిచే పరికరం చేయమని సుదర్శనం సారు తనకే చెప్పాడనీ, దానికి పొడుగాటి వెంట్రుకలు ఓ పది కావాలనీ.

"తేమ ఎక్కువైతే వెంట్రుక సాగతాదంటమ్మా. గాలి ఎండితే కురచయితాదంట. దానికి చీపురుపుల్ల కట్టినామంటే అది పైకీ కిందికీ ఆడతాది."

"సాగేది సాగనీ. నీ తలలోది మాత్రం ఒక్క పోగు తెగకూడదు. తెలుసు కదా."

ఇంట్లో అందరికీ తెలుసు. నాలుగేళ్ల కిందట కోమలకు విషజ్వరం వచ్చి ఇరవై రోజులు కన్ను తెరవకపోతే, పిల్ల బతికితే తిరుమలలో తలనీలాలు ఇస్తామని మొక్కుకున్నారు. అప్పటినుంచి ఆ తలకు కత్తెర తగల్లేదు. జడ నడుము దాటింది. ఈ పెరటాసి నెలలో కొండకు పోవాలని నిర్ణయం. అంతవరకూ ఆ జుట్టు స్వామిది, తాను కాపలా మనిషి. వరదమ్మ అలాగే అనుకునేది. దువ్వెనకు వచ్చిన వెంట్రుకల్ని కూడా ఉండచుట్టి గుడ్డలో దాచేది.

మగ్గం గుంటలో కూర్చున్న ఆమె మొగుడు ఏకాంబరం నవ్వాడు. "ఆ యంత్రం ముందు నాకు కావల్ల. గాలి ఎండిన పొద్దు నూలు పటుక్కుమని తెగతాది. కిటికీకి తడి గోనెలు కట్టుకోని సస్తా ఉండాను. నువ్వు బయపడొద్దులే, పిల్ల తల జోలికి ఎవరూ రారు. నేను సూసుకుంటా."

ఆ మాట మీద వరదమ్మ నూలు కత్తెర అందుకుని, తన తలలో పొడుగ్గా ఉన్నవి ఏరి పది వెంట్రుకలు కత్తిరించి కాగితంలో చుట్టి ఇచ్చింది. ఆమెకు నెమ్మది అనేది ఒక పూట నిలిస్తే గొప్ప. ఈసారి మూడు వారాలు నిలిచింది.

పక్కింటి మునిరత్నమ్మ ఊరుకోలేదు. "నీ వెంట్రుకలు పుత్తూరికి పోతా ఉండాయంటనే. వాటికి అర టికెట్టా, ఫుల్ టికెట్టా?"

"సైన్సుకు పోతా ఉండాయి, నీ మాదిరి సంతకు కాదు" అనేసింది వరదమ్మ. ఆ రోజంతా ఆమెకు తెలియకుండానే చేయి కొప్పు మీదికి పోతూ వచ్చింది.

పరికరం బడిలోనే ఉండేది. ఏకాంబరమే దానికి కావలసిన చెక్కను చిత్రిక పట్టించి, నునుపు చేయించి బడికి తీసుకెళ్లి ఇచ్చి వచ్చాడు.

ఎగ్జిబిషన్‌కు ముగ్గురూ పుత్తూరు వెళ్లారు. హాలు నిండా బెంచీలు. ఒకచోట బంతి చుట్టూ రంగు కాగితాలు అతికించి వాతావరణంలో పొరలు చూపించారు. ఇంకోచోట దూది మేఘాలు. కోమల చేసిన పరికరం గోడకు ఆనించి ఉంది. దాని పైన చార్టు. ఐదో తరగతితో బడి మానేసిన వరదమ్మ పెదవులు కదుపుతూ కూడబలుక్కుంది: 'ఇందులో వాడిన వెంట్రుకలు మా అమ్మవి.'

సుదర్శనం సారు తడిగుడ్డ దగ్గరగా పట్టాడు. కాసేపటికి చీపురుపుల్ల నెమ్మదిగా కిందికి వాలింది. "చూడండమ్మా, మీ వెంట్రుకలు ఎంత బాగా పనిచేస్తున్నాయో" అన్నాడు.

వరదమ్మ వంగి చూసింది. చెక్కకు కొట్టిన పైమేకు నుంచి పుల్ల దాకా వెంట్రుకలు మూర పైనే ఉన్నాయి. తన జుట్టు విప్పితే భుజం దాటదు, పైగా రింగులు. ఇవి తిన్నగా, కొసలు రాగి రంగులో ఉన్నాయి. నాలుగేళ్లుగా రోజూ నూనె రాసి, చిక్కు తీసి అల్లిన జుట్టు. కళ్లు మూసుకుని ముట్టుకున్నా చెప్పగలదు.

"అవున్సార్" అంది. కోమల చార్టు వైపే చూస్తూ నిలబడింది.

బయట కొళాయి దగ్గర కూతురి జడ ఎత్తింది. మెడ పైన, జుట్టు అడుగున, వేలికి గరుకుగా తగిలింది. వడ్లగింజ పొడుగున మొలకలు. సమంగా తెగిన మొలకలు. తన మెడ వెనక తాను ఇంత పదిలంగా ఎవరూ కత్తిరించుకోలేరు. నూనె రాసే చేతికి కూడా చిక్కకుండా ఎవరో చోటు చూసి మరీ కత్తిరించారు.

"ఎవరే?"

కోమల జడను తల్లి చేతిలోంచి లాక్కుని ముందుకు వేసుకుంది.

తమ ఊరు నగరికి తిరిగిపోయే బస్సులో తల్లీకూతుళ్లు ఒక సీట్లో కూర్చున్నారు. వాళ్ల ముందు సీట్లో ఏకాంబరం. అతని పక్కన, విరిగిన చేతికి వెదురుబద్దల కట్టుతో ఒక పెద్దాయన. కోమల ఒళ్లో రెండో బహుమతిగా ఇచ్చిన టిఫిన్ డబ్బా ఉంది. వరదమ్మ అప్పటికి మూడుసార్లు కూతురి నుదురు తాకి చూసింది. వెచ్చగానే ఉంది. ఎండకో, మరి దేనికో.

"స్వామిదని చెప్పినాంక దాంట్లోనుంచి తీసుకుంటిరి. మళ్లీ ఆ జ్వరమే వస్తే నేను ఎవరి కాళ్లు పట్టుకునేది?" అంది, ముందు సీటుకు కూడా వినబడేటట్టు. "ఎవరు కత్తిరించినారో చెప్పండి. ఆ సారా? కూడా చదివే పిల్లోళ్లా?"

సారే అయితే బాగుండునని ఉంది ఆమెకు. పరాయి మనిషి, మొక్కు సంగతి తెలియని మనిషి.

కండక్టరు వచ్చి పోయాడు. చెరకు తోటలు పోయాయి, ఇటుక బట్టీలు పోయాయి. కోమల డబ్బా మూత తీస్తూ పెడుతూ ఉంది. పెద్దాయన నిద్రలో ఏకాంబరం భుజం మీద ఒరిగాడు. ఏకాంబరం కదల్లేదు. నగరి దగ్గరపడి మరమగ్గాల చప్పుడు మొదలయ్యాక, వెనక్కి తిరక్కుండానే నోరు తెరిచాడు.

"నేనే కత్తిరించినా. నీవి పొట్టిగా ఉండి కట్టేదానికి రాలేదు, పిల్ల ఏడస్తా ఉండె." పెద్దాయన తల జారకుండా భుజం సర్దుకున్నాడు. "మొక్కుకునింది నువ్వు వరదా. నేను వద్దనలేదు, అంతే."