పాలు వంగే దిక్కు

శాలిబండ ఆడపిల్లల బడిలో విరామానికి పదకొండుకి మొదటి గంట, రెండున్నరకి రెండో గంట కొట్టేవారు. గంట కొట్టగానే పిల్లలు పలకలు ఎక్కడివక్కడ వదిలేసి నల్లా దగ్గరికి ఉరికేవాళ్ళు. గోదా పంతులమ్మ మాత్రం చేతిసంచి పట్టుకుని పటాల గదిలోకి పోయి లోపలినుంచి గడియ పెట్టుకునేది.

ఆ గదిలో ఉర్దూ రాతలున్న పాత దేశపటాలు చుట్టలు చుట్టి గోడకి ఆనించి ఉండేవి. ఒక బల్ల, ఒక స్టూలు, తూర్పు గోడకి తాళంచెవి పోయిన బీరువా. గోదా సంచిలోంచి మరగబెట్టిన గుడ్డ విప్పి పంపు తీసేది. చూడ్డానికది రిక్షా భోంపులాగే ఉండేది. ముందు గాజు గరాటు, వెనక ఎర్ర రబ్బరు బుడ్డి, మధ్యలో పాలు నిలవడానికి కిందికి జారిన గాజు బొడిపె. కాన్పు ఆసుపత్రిలో నర్సమ్మ ఇచ్చి, వాడే పద్ధతి చెప్పింది. బుడ్డి నొక్కి, గరాటు రొమ్ముకి ఆనించి, మెల్లగా వదలాలి.

మొదటి వారం ఏడుపొక్కటే తక్కువ. రెండు నెలల సెలవు అయిపోయి బడికి వచ్చిన రోజు పదింటికల్లా రొమ్ములు రాళ్ళయ్యాయి. రవికె తడిసింది. పైట మడతలు మార్చి మార్చి కప్పుకుంటూ నాలుగో ఎక్కం చెప్పింది. తీరా పంపు పెడితే నొప్పే తప్ప పాలు రాలేదు. విరామం అయిపోయేసరికి అరచెంచాడు వచ్చాయి. మర్నాడు పిల్లవాడి పొత్తిగుడ్డ ఒకటి సంచిలో పెట్టుకొచ్చింది. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంటే బొడిపెలోకి సన్నగా ధార మొదలైంది. నెల తిరిగేసరికి రెండు పక్కలా కలిపి సీసాలో సగం దాకా వచ్చేవి.

సీసాలో పోసిన పాలు తూర్పుకి వంగేవి. సీసా నిటారుగానే ఉండేది, లోపలి పాలు మాత్రం బీరువా వైపు ఎత్తుగా, కిటికీ వైపు పల్లంగా నిలిచేవి. గోదా ఇల్లు గౌలిపురాలో, బడికి తూర్పున. పిల్లవాడు ప్రహ్లాదు అక్కడుండేవాడు. కొందరి పాలు అట్లా బిడ్డ ఉన్న దిక్కుకి వంగుతాయి, కొందరివి వంగవు. అత్తగారు రంగనాయకమ్మకి వంగలేదు గాని, ఆమె అత్తగారికి వంగేవట. నర్సమ్మ కూడా పంపు ఇచ్చేటప్పుడే సీసాలో కాస్త పాలు పట్టి చూసి, "నీయి వంగే పాలమ్మా. మూత గట్టిగ పెట్టుకో, లేకుంటే ఒలికిపోతయి" అని మాత్రం అంది.

ఆ సీసాని బడి ఆయా కొమురమ్మ గౌలిపురాకి తీసుకెళ్ళి ఇచ్చేది. రంగనాయకమ్మ దాన్ని వేడినీళ్ళలో పెట్టి, ఉగ్గుగిన్నెతో మనవడికి పట్టేది. పోసేటప్పుడు పాలు గిన్నె ముక్కులోకి వాటంతటవే జారేవి. ఆమె చేతికి కొంత పని తగ్గేది.

"సీస మూత చూస్కో గోదా. నిన్న కొమురమ్మ కొంగంత తడిసింది," అనేది కోడలితో. అంతకుమించి ఆమె ఆ పాల గురించి మాట్లాడింది లేదు. కోడలు ఉద్యోగం మానేస్తే బాగుండునని మాత్రం రోజుకొకసారి అనేది.

గోదా మానలేదు. పోలీసు చర్య తర్వాత ఆ బడిలో తెలుగు తరగతులు పెట్టినప్పుడు మొదట చేరింది ఆమే. పెళ్ళికి ముందే చేరింది. భర్త రంగనాథ్ కచేరీలో గుమాస్తా. మెత్తని మనిషి. ఎవరి మాటా కాదనలేడు, అందుకే ఇంట్లో ఎవరికి ఏ మాట ఇచ్చాడో తెలిసేది కాదు.

పిల్లవాడికి నాలుగో నెల వచ్చింది. మాఘంలో ఒక బుధవారం గోదా ఎప్పట్లాగే పాలు తీసి సీసాలో పోసి, మూత పెట్టి బల్ల మీద ఉంచింది. రవికె గుండీలు పెట్టుకుని చూస్తే పాలు బీరువా వైపు లేవు. వాయవ్యంగా, కిటికీ మూలకి ఎత్తుగా నిలిచి ఉన్నాయి. బల్ల ఎగుడుదిగుడుగా ఉందేమోనని సీసాని స్టూలు మీద పెట్టింది. కిటికీ మూలకే. నేల మీద పెట్టింది. అటే.

కొమురమ్మ తలుపు కొట్టింది, గోదా గడియ తీస్తే లోపలికొచ్చింది. సీసా చూసి ఆగిపోయింది.

"ఇదేందమ్మా, పాలు గిటు తిరిగినయి?"

"పిల్లగాన్ని బయటికి ఎత్తుకపోయిన్రేమో," అంది గోదా. "జర ఇంటి దిక్కు పోయి చూసిరా కొమురమ్మా. సీస ఇక్కడనే ఉండనీ."

కొమురమ్మ అరగంటలో తిరిగొచ్చింది. ఎండలో వేగంగా నడిచినట్టుంది, రొప్పుతోంది.

"ఇంటికి తాళమున్నది. పక్కింటామెను అడిగితే పొద్దుగాల మీరు బడికి రాంగనే టాంగల పోయిన్రన్నది. మీ ఆయన గూడ ఉన్నడట, కచేరీకి పోలే. పట్టుబట్టలు కట్టుకున్నరట. నేతి గిన్నె, దర్భలు గిట్ల పట్టుకపోయిన్రట."

గోదా సీసా ఎత్తి చూసింది. వాయవ్యం. హుసేనీ ఆలం, పురానాపూల్, నది దాటితే కార్వాన్. ఆ దిక్కున వాళ్ళకి తెలిసిన ఇల్లు ఒకటే. కార్వాన్‌లో ఆడబిడ్డ ఆండాలు ఉంటుంది. ఆమె భర్త వైకుంఠం అక్కడ గుళ్ళో అర్చకుడు. ఆండాలుకి ముగ్గురు పుట్టి ముగ్గురూ పురిట్లోనే పోయారు. వంశం నిలవడానికి వైకుంఠానికి రెండో పెళ్ళి చేస్తామని అతని వాళ్ళు ఏడాదిగా అంటున్నారు. పదిహేను రోజుల కింద ఆండాలు పుట్టింటికొచ్చి పిల్లవాడికి నీళ్ళుపోసింది. ఆ సాయంత్రం రంగనాయకమ్మ, "నీకేం గోదా, ఇంకా పుడ్తరు. దానికి ఒడి ఖాళీ," అంది. గోదా అది మామూలు మాటే అనుకుంది. అప్పుడు రంగనాథ్ లేచి వాకిట్లోకి పోయాడు. ఎందుకు పోయాడో ఇప్పుడు అర్థమైంది.

దత్తత ఇవ్వడానికి తండ్రి చెయ్యి చాలు. తల్లి ఒప్పుకోవాలన్న నియమం ఆనాటికి లేదు. హోమం ముగిస్తే పిల్లవాడు ఆ ఇంటివాడే.

"రెండో తరగతి నువ్వు చూస్తవా కొమురమ్మా?"

"నాకేమొస్తదమ్మా?"

"ఎక్కాలు వాళ్ళకొస్తయి. ఊకె చదివిస్తుండు."

వీధిలోకొచ్చి కనబడ్డ మొదటి రిక్షా ఎక్కింది. రిక్షావాడు నడివయసు మనిషి, నెత్తికి తువ్వాలు చుట్టుకున్నాడు.

"కిధర్ జానా అమ్మా?"

"కార్వాన్ అనుకుంటున్న భాయ్. సీదా చలో."

అతను వెనక్కి తిరిగి ఆమె ఒళ్ళో సీసా చూశాడు. "దూద్ జిధర్ ఝుక్‌రా, ఉధర్‌ఇచ్ లేజాతూఁ," అన్నాడు. పాలు ఎటు వంగితే అటే. ఆ తర్వాత దారి అడగలేదు. మలుపు వచ్చినప్పుడల్లా ఒకసారి మెడ తిప్పి సీసా చూసుకుని తొక్కాడు. పురానాపూల్ మీద ఎద్దుబండ్లు అడ్డం పడితే గంట మోగించి, దిగి, రిక్షాని చేత్తో లాక్కుంటూ దాటించాడు. గోదా రొమ్ములు మళ్ళీ నిండుతున్నాయి. పిల్లవాడు ఆకలికి ఏడుస్తున్నాడని ఆమెకి అట్లా తెలిసేది. సీసాలో పాలు మూతకి తగులుతున్నంత ఎత్తుగా ముందుకి వంగాయి.

ఆండాలు ఇంటి ముందు రంగురంగుల ముగ్గేసి ఉంది. లోపలినుంచి పొగ వస్తోంది. పిల్లవాడి ఏడుపు వీధిలోకి వినబడుతోంది.

నడవలో హోమగుండం. ఒక పక్క ముసలి పురోహితుడు, ఆయన ఎదురుగా పీట మీద వైకుంఠం, పక్కన ఆండాలు. ఆండాలు ఒళ్ళో ప్రహ్లాదు కాళ్ళు తన్నుకుంటూ ఏడుస్తున్నాడు. వాడి గడ్డం మీద మేకపాలు కారి ఎండి ఉన్నాయి. రంగనాథ్ చేతిలో దర్భ పట్టుకుని నిలబడి ఉన్నాడు. గోదాని చూడగానే తల దించుకున్నాడు.

"నువ్వెందుకొచ్చినవే ఇప్పుడు?" అంది రంగనాయకమ్మ. "సాయంత్రం చెప్పేవాళ్ళమే గద."

గోదా ఆమెని దాటి లోపలికి నడిచింది. భర్తని అడిగింది.

"ఇచ్చిన్రా?"

"ఇంకా లేదు," అన్నాడు రంగనాథ్. "అక్క మీదికి ఇంకొకామెను తెస్తరు గోదా. నేనేం చెయ్యను?" అన్నాడు.

ఆండాలు తలెత్తింది. "గోదా ఒప్పుకున్నదన్నవు గదరా తమ్మీ?"

గుండంలో సమిధ ఒకటి చిటపటమంది. పురోహితుడు గొంతు సవరించుకున్నాడు.

"శాస్త్రంల తండ్రి ఇస్తే చాలు. అయితే ఒక్కడే కొడుకైతే ఇయ్యరాదని ఒక వచనమున్నది. అది గూడ నేను ముందే చెప్పిన."

"ఇంకా పుడ్తరు స్వామీ, ఆమెకేమన్న వయసైపోయిందా?" అంది రంగనాయకమ్మ.

గోదా గోడ దగ్గర కూర్చుని సీసాని నేలమీద పెట్టింది. పాలు సూటిగా ఆండాలు వైపు వంగాయి. అంత ఏటవాలుగా వంగడం గోదా కూడా అంతకుముందు చూడలేదు. రంగనాయకమ్మ మొహం విప్పారింది.

"చూసిన్రా? ఆండాలు దిక్కే వంగినయి. దేవుడు గూడ ఒప్పుకున్నట్టే. కానీయండి స్వామీ."

వైకుంఠం సీసా వైపు చూశాడు, భార్య వైపు చూశాడు, చెయ్యి చాపడానికి సర్దుకున్నాడు. రంగనాథ్ ఒక అడుగు ముందుకేశాడు. గోదా గోడ పట్టుకుని లేవబోయింది.

ఆండాలు పిల్లవాణ్ణి ఒళ్ళోంచి ఎత్తి భుజాన వేసుకుంది. లేచి మెల్లగా నడవ ఆ చివరికి నడిచింది. పాలు ఆమెతోపాటు తిరిగాయి. ఈ చివరికి వచ్చింది. పాలు ఇటు వచ్చాయి. అప్పుడామె గోదా దగ్గరికి వచ్చి, వంగి, పిల్లవాణ్ణి ఆమె చేతుల్లో పెట్టి, తాను తిరిగి వెళ్ళి పీట మీద ఒంటరిగా కూర్చుంది. సీసా వైపే చూసింది. పాలు గోదా వైపే ఉండిపోయాయి. ఆండాలు వైపు పల్లం తేలింది.

"నా దిక్కు గాదమ్మా," అంది తల్లితో.

గోదా గోడవైపు తిరిగి రవికె గుండీలు విప్పింది. ప్రహ్లాదు రెండుసార్లు జారిపోయి, మూడోసారి పట్టుకున్నాడు. ఏడుపు ఆగింది. వాడు గుటకలు వేస్తున్న చప్పుడు నడవంతా వినబడింది. ఆ చప్పుడు మొదలవగానే సీసాలో పాలు సమంగా నిలిచాయి. పురోహితుడు అది చూసి, దర్భలు ఏరి కట్టకట్టుకున్నాడు. మిగిలిన నెయ్యి గుండంలో పోశాడు.

"అయితే ఇగ నా దారి నేను చూసుకుంట," అన్నాడు వైకుంఠం. కోపంగా అనలేదు. చాలా రోజులుగా దాచుకున్న మాటలా అన్నాడు.

"చూసుకోండి," అంది ఆండాలు. లోపలికి పోయి రెండు చీరలు మూటకట్టుకుని వచ్చింది. గోదా ముందు నిలబడింది. "నేను నీతోని వస్త గోదా. పిల్లగాని కోసం గాదు. ఇంట్ల సవతి వచ్చేదాక కూర్చోబుద్ధి గాదు."

"రా వదినా," అంది గోదా.

రంగనాయకమ్మ లొల్లి చేసింది. కూతురికి బుద్ధి లేదంది, కోడలికి గర్వమంది, కొడుకు చేతకానివాడంది. రిక్షావాడు ఇంకా అరుగు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. ఇద్దరాడవాళ్ళూ పిల్లవాడితో రిక్షా ఎక్కారు. రంగనాథ్ పట్టుబట్టలతోనే పురానాపూల్ దాకా వెనక నడిచాడు. అక్కడ గోదా రిక్షా ఆపించి, మాట వచ్చినప్పుడు లేచి వాకిట్లోకి పోయే అలవాటు ఇంకెప్పుడైనా చూస్తే తాను బడి నుంచి ఇంటికి రానని చెప్పింది. అతను సరేనన్నాడు. అతని సరే మీద ఆమెకి నమ్మకం కుదరడానికి ఏళ్ళు పట్టింది.

ఆ సోమవారం నుంచి ఆండాలు రోజూ పదకొండుకి ముందే పిల్లవాణ్ణెత్తుకుని బడికి వచ్చేది. గోదా పటాల గదిలో స్టూలు మీద కూర్చుని వాడికి పాలిచ్చేది. రొమ్ము మీద గాజు గుర్తులు వారంలో మానిపోయాయి. పంపుని నర్సమ్మకే తిరిగిచ్చేసింది. మొదటి గంటకీ రెండో గంటకీ మధ్య ఆండాలుకి పనేం ఉండేది కాదు. ఒకటో తరగతి పిల్లల్ని చూసే పంతులమ్మకి జ్వరం వచ్చిన రోజు, పిల్లవాణ్ణి చంకన పెట్టుకునే ఆ తరగతిలోకి పోయి, వాళ్ళ లొల్లి ఆపడానికి పాశురాలు పాడింది. తండ్రి దగ్గర చిన్నప్పుడు నేర్చుకున్న అక్షరాలు ఆమెకి బాగానే గుర్తున్నాయి. ముప్ఫై మంది చేత 'అ' దిద్దించింది. పెద్ద పంతులమ్మ కిటికీలోంచి చూసి, మర్నాడు కూడా రమ్మంది. ఎండాకాలం సెలవుల్లో ఆండాలు పంతులమ్మ పరీక్షకి చదివింది. పాసైంది.

వైకుంఠానికి ఒక సంబంధం కుదిరి తప్పింది, ఇంకోటి లగ్నం దాకా వచ్చి ఆగింది. మరుసటి ఏడు, భార్య ఉండగా రెండో పెళ్ళి చెల్లదని చట్టం వచ్చింది. ఆ వర్షాకాలంలో ఒక మధ్యాహ్నం వైకుంఠం గొడుగు ముడుచుకుని ఒకటో తరగతి గుమ్మంలో నిలబడ్డాడు. ఇంటికి రమ్మని అడగడానికి వచ్చానన్నాడు. ఆండాలు చేతిలో సుద్ద ఉంది. పిల్లలందరూ పలకలెత్తి ఆయన్నే చూస్తున్నారు.

"జరసేపు కూర్చోండి," అంది ఆండాలు, వెనక బెంచీ చూపించి. "ఇంకా 'ఱ' కాలే."

ఆయన గొడుగు గోడకి ఆనించి, మోకాళ్ళు గడ్డానికి తగిలేంత చిన్న బెంచీ మీద, పిల్లల మధ్య సర్దుకుని కూర్చున్నాడు.