నూట ఇరవై ఒక్క గుంటలు

నా కంప్యూటర్‌లో చంద్రుడి మీద వంద కోట్ల ఏళ్ళు రాళ్ళ వాన కురిసింది. కురిపించింది నేనే. రుద్రారం యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదువుతూ ఆర్నెల్లు తంటాలు పడి ఆ సిమ్యులేషన్ రాశాను. రాయి పడుతుంది, గుంట పడుతుంది, పాత గుంట పూడిపోతుంది, మళ్ళీ రాయి పడుతుంది. అంతా అయ్యాక చంద్రుడి దక్షిణ ధ్రువం వైపు నేనెంచుకున్న చిన్న చోటులో నాలుగు వందల పది గుంటలు మిగలాలని తేలింది. తర్వాత చంద్రయాన్ తీసిన అసలు ఫోటో ముందు కూర్చుని అదే చోట లెక్కపెట్టాను. నాలుగు వందల రెండు!

మా గైడ్ నాగవల్లి మేడం ఆ రెండు సంఖ్యలూ చూసి కుర్చీలోంచి లేచారు. ఆవిడ ఊరికే లేచే మనిషి కాదు. అహ్మదాబాద్‌లో జరిగే విద్యార్థుల సమావేశానికి నా పేరు పంపారు. వేదిక మీద పది నిమిషాలు మాట్లాడమని పిలుపొచ్చింది. బొంతపల్లిలో మా నాన్న నర్సింహ ఆ పూట ఫ్యాక్టరీలో షిఫ్టు మొత్తానికీ స్వీట్లు పంచేశాడు. "మా నిషిత చంద్రుని మీద గుంతలు లెక్కపెట్టింది" అంటే, తోటివాళ్ళు "మన రోడ్డు మీదియి ఎవలు లెక్కపెడ్తరే?" అన్నారట.

ఇక సమావేశం వాళ్ళ నియమం ఒక్కటే మిగిలింది. నా లెక్క చూడని మరో మనిషి అదే ఫోటోలో విడిగా లెక్కపెట్టాలి. నా క్లాస్‌మేట్ మహేష్ సరేనన్నాడు. ముప్ఫై గుంటలు లెక్కపెట్టేసరికి కళ్ళు తిరుగుతున్నాయని చెప్పి మెస్సుకు పోయాడు, మళ్ళీ రాలేదు.

అప్పుడు గుర్తొచ్చారు మా ఇంటి ఓనరు సూర్యప్రకాశరావు అంకుల్. పటేల్‌గూడలో నేను ఆయన మేడ మీది గదిలో కిరాయికుంటాను. నలభై ఏళ్ళ కిందట తణుకు నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికొచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. వెల్డింగు అతుకులకు ఎక్స్‌రే తీసిన ఫిల్ములు చూడడం ఆయన పని. అతుకులో గాలిబుడగ ఉంటే ఫిల్ము మీద నల్లచుక్క పడుతుంది. ముప్ఫై రెండేళ్ళు ఆ చుక్కలు లెక్కపెట్టిన మనిషి, రిటైరయ్యాక ఏమీ తోచక, భార్య లక్ష్మీనరసమ్మ ఆంటీ ఏరిపెట్టిన కందిపప్పులో మళ్ళీ రాళ్ళు ఏరుతున్నారు. దాంతో ఆవిడకు ఒళ్ళు మండిపోతోంది.

ఫోటోను పెద్ద కాగితాల మీద ప్రింటు తీయించి పట్టుకెళ్ళాను.

"అంకుల్, దీంట్ల గుంతలు జెర లెక్కపెడ్తరా? నాకు..."

"ఆగు! నీకెన్నొచ్చాయో చెప్పకు. వెలుతురు ఏ పక్క నుంచి పడుతుందో అది చెప్పు చాలు."

"ఎడమ దిక్కు నుంచి."

"అయితే గుంటకి ఎడమ అంచు నల్లగా, కుడి అంచు తెల్లగా ఉండాలి. బండరాయికి తిరగేసి ఉంటుంది. సరే, నాలుగు రోజులు నా దగ్గరికి రాకు."

బీరువాలోంచి భూతద్దం బయటికొచ్చింది. "మళ్ళీ డ్యూటీ ఎక్కారు. నీకు పుణ్యముంటుందమ్మా, నా పప్పు జోలికి రాకుండా చేశావు" అంది ఆంటీ.

నాలుగో రోజు సాయంత్రం ఆయన నా చేతిలో చీటీ పెట్టారు. రెండు వందల ఎనభై ఏడు.

"గిదేంది అంకుల్! నాకు నాలుగు వందల రెండొచ్చినయ్. మీరు మస్తు ఇడిచిపెట్టిన్రు."

ఆయన నొచ్చుకోలేదు. "లెక్కపెట్టే ముందే ఎన్ని రావాలో నీకు తెలుసా?"

"ఎరుకే. సిమ్యులేషన్ చెప్పింది గద, నాలుగు వందల పది అని."

"మొదటిసారి ఎన్నొచ్చాయి?"

మొదటిసారి మూడు వందల పది వచ్చాయి. తక్కువయ్యాయని మళ్ళీ చూస్తే మూడు వందల అరవై. మూడోసారి నాలుగు వందలు దాటగానే హమ్మయ్య అనుకుని ఆపేశాను. ఆ మాటే చెప్పాను.

"అంటే ఆ అంకె వచ్చేదాకా వెతికావు, రాగానే మానేశావు" అన్నారు అంకుల్ మెల్లగా. "చీటీ నీది. ఉంచుకో, చింపెయ్, నేను మళ్ళీ అడగను."

కోపంతో మెట్లు దడదడలాడించుకుంటూ పైకి వచ్చాను. ముసలాయన కళ్ళు నమ్ముకుని నా అహ్మదాబాద్ పోగొట్టుకోవాలా? చీటీ చింపేస్తే అడిగేవాళ్ళు లేరు. మహేష్‌కు నా అంకె చెవిలో వేస్తే చాలు, వాడు కళ్ళు తిరక్కుండానే మూడు వందల తొంభై ఎనిమిది తెచ్చిస్తాడు. వాడికి మెసేజ్ కూడా టైపు చేశాను.

పంపేముందు, అంకుల్ వదిలేసిన వాటిలో ఒకదాన్ని చూపించి ఆయన నోరు మూయిద్దామని నా ఫోటో తెరిచాను. నేను ఎర్ర సున్నా చుట్టిన ఒక దాన్ని పెద్దది చేసి చూశాను. ఎడమ అంచు తెల్లగా, కుడి అంచు నల్లగా ఉంది. అది బండరాయి. పక్కదీ బండరాయే. ఆ పక్కదేమో ఏమీ కాదు, ఉత్త మరక. ఎవర్నో మోసం చేసుంటే ఇంత బాధ ఉండేది కాదేమో, నన్ను నేనే మోసం చేసుకున్నాను. కాసేపు ఏడ్చి, మెసేజ్ తుడిచేసి, కిందికి దిగాను.

"అంకుల్, మల్ల లెక్కపెడ్త. ఎట్ల చెయ్యాల్నో చెప్పుండ్రి."

ఆయన కొత్త ప్రింటును చదరాలుగా కత్తిరించి, పేకముక్కల్లా కలిపేసి, ఒక్కో ముక్కే ఇచ్చారు. ఒక్కో ముక్కలో ఎన్నున్నాయో చీటీ రాసి ఆంటీ ఇచ్చిన స్టీలు డబ్బాలో వేయాలి. చివరి ముక్క అయ్యేదాకా కూడకూడదు. రెండు రోజులు పట్టింది. ఆంటీ డబ్బా బోర్లించి కూడింది. రెండు వందల తొంభై ఒకటి.

నాకూ ఆయనకూ తేడా నాలుగే! ఆ నాలుగింటి కోసం మేమిద్దరం గంటన్నర పోట్లాడుకున్నాం. రెండు ఆయన ఒప్పుకున్నారు, రెండు నేను వదులుకున్నాను. రెండు వందల ఎనభై తొమ్మిది. నాలుగు వందల రెండు వచ్చిన రోజు కూడా నాకు ఇంత సంతోషం కలగలేదు. ఈ అంకెను ఎవరొచ్చి కదిపినా కదలదు.

నాగవల్లి మేడంకు ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆవిడ, "వాళ్ళకి నిజం రాస్తాను. కానీ ప్రసంగం పోతుంది నిషితా, రెండూ సరిపోయాయనే కదా వేదిక ఇచ్చారు" అన్నారు. అన్నట్టే పోయింది. గోడకు పోస్టరు తగిలించుకోమన్నారు. నాన్నకు చెప్తే, "అయితే స్వీట్లు వాపస్ అడగాల్నా?" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

అహ్మదాబాద్‌లో పోస్టరు మీద పెద్ద అక్షరాలతో, "నా సిమ్యులేషన్‌లో నూట ఇరవై ఒక్క గుంటలు ఎక్కువ. ఎందుకు?" అని ఇంగ్లీషులో రాసి నిలబడ్డాను. జనం ఆగారు. వాలులో మట్టి జారి గుంటల్ని కప్పేస్తుందేమో, అది నీ ప్రోగ్రాంలో ఉందా అని ఒకాయన అడిగారు. లేదు. నాకు తట్టనే లేదు. వెంటనే ఆ మాట రాసుకున్నాను.

చివరికి ఒడిశా నుంచి వచ్చిన ఒకమ్మాయి మిగిలింది. తనూ లెక్కపెట్టి చూస్తానంది. నువ్వు మా అంకె చూసేశావు, పనికిరావు, చూడని మనిషి కావాలి అన్నాను. ఆ పిల్ల ఆలోచించి, మా అమ్మ బట్టల మీద అద్దాలు కుడుతుంది, ఆమె కంటిని ఏదీ తప్పించుకోదు, ఆమె చేత లెక్కపెట్టించనా అని అడిగింది. సరేనని తలూపాను.

ఆ అమ్మాయి ఫోను తీసింది. ఎవరూ చెప్పకుండానే, పోస్టరు మీద నా అంకెకు అరచెయ్యి అడ్డం పెట్టి, చంద్రుణ్ణి మాత్రం ఫోటో తీసుకుంది.