నీలం రంగు లింకులు

అనూరాధ చేసింది చిన్న పని. చిన్నదని ఆమే ఒప్పుకుంటుంది, దాన్ని పెద్దది చెయ్యడానికి మనమెవరం? అది పెద్దదైంది కాలేజీ గేటు మీద ఫ్లెక్సీ ఎక్కాకే.

విజయనగరం అవతల హైవే పక్కనున్న ఇంజనీరింగు కాలేజీలో ఆమె ల్యాబ్ అసిస్టెంటు. ఆరేళ్లుగా కాంట్రాక్టు మీదే ఉంది. పిల్లలు నేర్చుకునే ప్రోగ్రామింగ్ భాషకు ఇంటర్నెట్లో ఒక పెద్ద మాన్యువల్ ఉంది. అందులో 'ఫలానా ఫంక్షను చూడండి' అని ఉన్నచోట ఆ పేరు నొక్కితే దాని పేజీ తెరుచుకోవాలి. చాలాచోట్ల తెరుచుకోదు. రాసినవాళ్లు పెట్టాల్సిన గుర్తు సరిగ్గా పెట్టలేదు, పేరు వట్టి అక్షరాలుగా మిగిలిపోయింది. పిల్లలేమో దాని మీద మౌసుతో టకటకా కొట్టి, "మేడమ్, కంప్యూటర్ సచ్చిపోనాది" అని గోల పెట్టేవారు.

చూసి చూసి అనూరాధకు ఒళ్లు మండింది. ఆ మాన్యువల్‌ను ఎవరైనా సరిచేసి పంపవచ్చు, చూసేవాళ్లు చూసి ఒప్పుకుంటే చేరుస్తారు. 2016లో నాలుగు నెలల పాటు మధ్యాహ్నం భోజనం వేళల్లో కూర్చుని మూడువందల నలభై చోట్ల సరిచేసింది. ప్రతి పేరూ ఏ పేజీకి వెళ్లాలి, అసలా పేజీ ఉందా, నొక్కితే అక్కడికే పోతోందా అని ఒక్కొక్కటీ చూసుకుంది. మొదటిసారి పంపితే, పదకొండు తప్పు చోటికి పోతున్నాయని వెనక్కి కొట్టారు. సిగ్గుతో చచ్చి, మళ్లీ చేసి పంపింది. ఈసారి తీసుకున్నారు. సరిచేసినవాళ్ల జాబితాలో ఆమె పేరు చేర్చారు.

ఇంతలో కాలేజీకి గ్రేడు ఇచ్చే కమిటీ వస్తోందన్నారు. 'అంతర్జాతీయ కృషి' అనే గడికి మార్కులున్నాయట. కంప్యూటర్ శాఖ హెచ్చోడీ డాక్టర్ నరసింగరావు ఆ గడి వంక వారం రోజులు చూసి, తెల్లారేసరికి ఫ్లెక్సీ కట్టించాడు. 'అంతర్జాతీయ కంప్యూటర్ భాషను సంస్కరించిన డాక్టర్ నరసింగరావు గారికి శుభాభినందనలు.' నల్లకళ్లద్దాలు, మెడలో శాలువా, వెనక భూగోళం. అనూరాధ పేరు భూగోళంలో ఎక్కడా లేదు. సొమ్మొకడిది, సోకొకడిది!

"ఏటమ్మా, మొహం అలాగెట్టినావు?" అన్నాడు ఆమెను గదిలోకి పిలిచి. "శాఖ పేరంటే నా పేరే కదా. కమిటీవోలు అడిగితే, సారే సేసినారని ఒక్క ముక్క సెప్పు. జూన్లో నీ ఉజ్జోగం పర్మినెంటు. సెప్పనన్నావనుకో, మే నెలతో సరి."

ఆదివారం సముద్రం ఒడ్డునున్న సొంతూరు ముక్కాం వెళ్లి తల్లి అసిరమ్మతో చెప్పుకుంది. ఆవిడ ఇసుకలో చేపలు ఎండబోస్తోంది.

"నువ్వు పట్టిన సేపని ఆడు పట్టినానంటన్నాడా?"

"ఆరేళ్లనుంచి చూస్తన్నానమ్మా ఈ ఉద్యోగం కోసం."

"అయితే అబద్దమాడు. ఆడకపోతే మానెయ్. ఏదో ఒకటి సెయ్యే, మద్దిలో నిలబడి నన్ను సంపకు."

అబద్ధమే ఆడదామని నిశ్చయించుకుంది అనూరాధ. బస్సులో ఆ ఒక్క వాక్యాన్నే వల్లె వేసుకుంటూ వచ్చింది.

కమిటీ పెద్ద జగన్నాధం అనే ముసలి ప్రొఫెసరు. కొబ్బరి నీళ్లు తాగాడు, శాలువా పక్కన పెట్టాడు, ల్యాబులోకొచ్చి తిన్నగా కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. నరసింగరావు తన సంస్కరణ గురించి పావుగంట ఉపన్యసించాడు. అంతా విని ఆయన మాన్యువల్లో ఒక పేజీ తెరిచాడు.

"ఇక్కడొకటి మిగిలిపోయినట్టుందండీ. దీన్ని లింకు చేసి చూపించండి."

"ఎంత పని సార్!" అని నరసింగరావు కుర్చీ లాక్కున్నాడు. పేజీ మొత్తం కాపీ చేసి వర్డ్ ఫైలులో పెట్టాడు. ఆ పేరును ఎంచి నీలం రంగు వేశాడు. కింద గీత పెట్టాడు. వెనక్కి వాలి, "అయిపోనాది సార్" అన్నాడు.

కమిటీ వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఏదీ, నొక్కండి."

నొక్కాడు. మళ్లీ నొక్కాడు. "ఈరోజు నెట్ స్లోగున్నాది సార్."

"వర్డ్ ఫైలుకి నెట్ ఎందుకండీ?"

జగన్నాధం కాలేజీ పంపిన నివేదిక తెరిచాడు. లైబ్రరీ వివరాలకు అనుబంధం చూడుడు. పరిశోధనలకు అనుబంధం చూడుడు. అలాంటివి ఆరువందల పన్నెండు, అన్నీ నిగనిగలాడే నీలం. నొక్కితే ఒక్కటీ కదల్లేదు. "అన్నీ నేనే దగ్గరుండి రంగేయించాను సార్" అన్నాడు నరసింగరావు. పాపం, గర్వంగానే అన్నాడు.

ముసలాయన మాన్యువల్ జాబితాలోకి వెళ్లి, తలెత్తి, పక్కన నిలబడ్డ ఆమె మెడలోని కాలేజీ కార్డు చదివాడు. "ఇక్కడ అనూరాధ అని ఉంది. మీరేనా? సార్ ఎలా చేయమన్నారమ్మా?"

ఆయన వెనకనుంచి నరసింగరావు వేళ్లు మడిచి నెలలు లెక్కపెట్టి చూపిస్తున్నాడు. వల్లె వేసుకున్న వాక్యం అనూరాధ నాలుక చివరనే ఉంది. కాని తన నాలుగు నెలల పని మీద ఆ పెద్దమనిషి పూసిన నీలం రంగు ఎదురుగా తెర మీద కనిపిస్తోంది. అసహ్యమేసింది. అబద్ధం మింగుడుపడలేదు.

"నేనే చేశానండీ. మధ్యాహ్నం ల్యాబ్ తెరుచుకుంటానని సార్నడిగాను. 'అవి ఎవుడు నొక్కుతాడమ్మా, ఏసీ కరెంటు దండగ' అన్నారు. కిటికీలు తీసుకుని చేసుకున్నాను."

పదిహేను రోజుల్లో నివేదికలో ప్రతి లింకూ పనిచెయ్యాలి, లేకపోతే గ్రేడు లేదని చెప్పి కమిటీ వెళ్లిపోయింది. సాయంత్రానికల్లా అనూరాధకు ఇక రానక్కర్లేదని మెసేజి వచ్చింది. ముక్కాం వెళ్లి తల్లి పక్కన కూర్చుని కరువుదీరా ఏడ్చింది. ఒక్క అబద్ధం ఆడలేక ఆరేళ్లు పోగొట్టుకున్నానే అని తనను తానే తిట్టుకుంది. అసిరమ్మ చేపల తట్ట ఆమె ముందుకు తోసింది.

అక్కడ నరసింగరావు లెక్చరర్లందరినీ వరసగా కూర్చోబెట్టాడు. ఆయన ఏరికోరి తెచ్చుకున్నవాళ్లే కదా, వాళ్లకూ రంగులే వచ్చు. తొమ్మిదో రోజున కారు ముక్కాం ఒడ్డున ఆగింది. బూట్లు ఇసుకలో దిగబడుతుంటే ఆయాసపడుతూ వచ్చాడు.

"ఏటి బావూ, కవళ్ల సేపలు కావాలా? వంజరం లేదు" అంది అసిరమ్మ.

"సేపలకి కాదమ్మా" అంటూ కవరు తీసి అనూరాధకిచ్చాడు. పర్మినెంటు ఆర్డరు. యాజమాన్యం సంతకం, ముద్ర, తేదీ అన్నీ ఉన్నాయి. "ఫ్లెక్సీ కూడా దింపించేసినాను. ఇంక ఆరు రోజులే ఉన్నాది, నువ్వే ఒడ్డున పడెయ్యాల."

అనూరాధ ఆర్డరు రెండుసార్లు చదివింది. చేతులకున్న పొలుసు అంటకుండా మడిచి తల్లి ఒళ్లో పెట్టింది.

"రేపొస్తానండీ. నిజంగా ఉన్న అనుబంధాలన్నిటికీ లింకులిస్తాను. లేనివాటి దగ్గర లేవని రాస్తాను."

నరసింగరావు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"అమ్మా, లేనివే ఎక్కువమ్మా!"