మూడో గీత

మిరపకాయల బస్తాలు కుడుతుంటే కోడలు భార్గవి ఫోన్ చేసింది. "అత్తమ్మా, నిన్న డ్యూటీకి పోయిన మనిషి ఇంకా క్వార్టర్‌కు రాలే. నీకేమన్న ఫోన్ చేసిండా?"

నా చేతిల దబ్బనం ఆగిపోయింది. నా కొడుకు బలరాం ఎయిర్‌ఫోర్స్‌ల కార్పొరల్. విమానం నడపడు, ఇంజన్లు బాగుచేస్తడు. ఆ ముక్క నాకు ఎన్నిసార్లు చెప్పిండో. అయినా ఆకాశంల చప్పుడైతే చాలు, అది దాటిపోయేదాక నాకు పని సాగదు.

"ఎందుకు రాలేదంట?"

"లోపల ఏందో పోయిందంట. దొరికేదాక ఎవ్వరినీ బయటికి పంపరని పక్క క్వార్టరామె చెప్పింది. ఫోన్లు గేటుకాడనే పెట్టిపోతరు గదా."

పోయిందంటే దొంగతనమే అనుకున్న. మావోడు తండా పిలగాడు. అందరికన్న ముందు వాణ్నే అడుగుతరు. మంచం మీదున్న మా ఆయన రెడ్యాకు చెప్పిన.

"అప్పుడే జైలు దాక పోకు," అన్నడు. "ముందు చాయ్ పొయ్యి."

చాయ్ పొంగిపోయింది. పొయ్యి తుడుస్తుండంగ బలరాం ఫోన్ వచ్చింది.

"యాడీ," అన్నడు. మా తండాల అమ్మను అట్లనే పిలుస్తరు. ఆ ఒక్క మాట ఇని బస్తాల మీద కూసున్న.

"స్క్రూడ్రైవర్ మొన ఒకటి పోయింది. గోరంత ఉంటది. పని అయినంక సామాన్లు సర్దుతుంటే దాని జాగ ఖాళీగున్నది. నేనే పోయి సార్‌కు చెప్పిన. విమానం ఆపేసి అందరం దేవులాడినం."

"నువ్వే చెప్పినవా? బజార్ల ఇంకోటి కొని పెడితే అయిపోయేది గదా. నీకు మూడో గీత పడేదుండె." కార్పొరల్‌కు చొక్కా చేతి మీద రెండు గీతలు. మూడోది పడితే సార్జంట్.

వాడు నవ్విండు. "దబ్బనం పోయిననాడు నాయన గూడ ఇదే అన్నడు. యాదికి లేదా?"

యాదికొచ్చింది. బలరాం చిన్నగున్నప్పుడు రెడ్యా దబ్బనాన్ని గడ్డిల పోగొట్టిండు. పెనుబల్లి పోయి కొత్తది తెస్తనన్నడు. కొత్తది తెస్తే గడ్డిలున్నది ఏడికి పోతది? ఇనుము మింగితే బర్రె బతుకుతదా? గడ్డివామంత ఇప్పించి, అది దొరికేదాక బర్రెకు పరక వెయ్యనియ్యలే నేను.

"ఇంజన్ గూడ బర్రెనే యాడీ. ముందర ఏముంటే అది లోపలికి గుంజుకుంటది."

"దొరికిందా?"

"దొరికింది. ఇంజన్‌కు గాలి పోయే సందుల, ఓ మూలకున్నది."

"మరి గీత?"

"సార్ మస్తు తిట్టిండు. దాస్తే ఉన్న గీతలు గూడ గుంజేద్దును, చెప్పినవ్ కాబట్టి మూడోదానికి ఏం అడ్డం లేదు, పోయి పండుకో అన్నడు."

"తిన్నవా?"

"భార్గవి వడ్డిస్తున్నది. నిన్ను భయపెట్టినందుకు నాతోని తిట్లు తిన్నది."

ఫోన్ పెట్టేసి కొంగుతో మొఖం తుడుసుకున్న. రెడ్యాకు అంత చెప్తే, "ఇంకేంది, వాడు నీ పోలికే," అని చాయ్ గ్లాసు చాపిండు.

మిగిలిన బస్తా కుడదామని చెయ్యి పెడితే దబ్బనం లేదు. బస్తాల మీద లేదు, పొయ్యికాడ లేదు. పక్కనే బర్రెకోసం తెచ్చిన గడ్డిమోపు ఉన్నది.

రెడ్యా నా మొఖం చూసి మంచం దిగిండు. "ఏంది, విమానం ఆపాల్నా?"

"ఆపు," అన్న. ఇద్దరం మోపు ఇప్పినం.