నకలు తీసే చేయి

"నువ్వే చెప్పు. ఆడపిల్లకి తల్లి చెప్తేనే బాగుంటుంది," అన్నారు అత్తగారు, కోడలు పాలగిన్నె అడుగు గీకుతుండగా. పిల్లకి బడి పరుగుపందెం జట్టులో చోటు దొరికింది. వేరే ఊళ్ళో మూడు రోజులు పోటీలు. సంతకం పెట్టాల్సిన కాగితం ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది. శుక్రవారం ఆఖరు.

"నాకేం అభ్యంతరం లేదు," అన్నాడు భర్త, బూట్లు తొడుక్కుంటూ. "అమ్మే వద్దంటోంది. పన్నెండేళ్ళొచ్చాయి, ఇక తగ్గాలి కదా. గొడవ కాకుండా నువ్వు నచ్చజెప్పు. నీకా నేర్పుంది."

ఆ నేర్పు ఆమెకి పుట్టుకతో రాలేదు. పద్దెనిమిదేళ్ళప్పుడు దూరపు కాలేజీలో సీటొస్తే వద్దన్నది నాన్న. ఆ మాట మోసుకొచ్చింది మాత్రం అమ్మ, తడి చేతులు తుడుచుకుంటూ. "ఇక్కడి కాలేజీకేం తక్కువే?" అంది. నాన్న మీద ఆమెకి కోపం రాలేదు. అమ్మ మీద వచ్చింది, పదేళ్ళు పోలేదు. అమ్మకి తన చిన్నప్పుడు ఇలాంటి మాట ఎవరు చెప్పారో అడగాలని తోచనే లేదు. పామును పట్టించేది ఎప్పుడూ పక్కవాళ్ళ చేత్తోనే.

ల్యాబులో ఆమె పని ఒక ప్రొటీన్ మీద. జన్యువుకి మిథైల్ అనే గుర్తులు పడితే అందులో అక్షరం ఒక్కటీ మారదు, కానీ అది నోరు మూసుకుంటుంది. కణం రెండు కావడానికి డీఎన్ఏ కొత్త పోగు అల్లుకున్నప్పుడు, ఆ పోగు మీద గుర్తులుండవు. ఈ ప్రొటీన్ వెంటే వెళ్ళి, పాత పోగును చూసి కొత్తదాని మీద అవే గుర్తులు వేస్తుంది. పిల్లకణం కూడా నోరు మూసుకునే పుడుతుంది. ఆ ప్రొటీన్‌ని కణం తనంతట తనే ముక్కలు చేసుకునేలా ఆమె ఒక మందు వేసి వారమైంది. నోరు మూసుకున్న జన్యువు తిరిగి పనిచేస్తే కణం ఆకుపచ్చగా వెలిగేలా ముందే అమర్చుకుంది. గురువారం పొద్దున మైక్రోస్కోపులో చూస్తే ప్లేటంతా పచ్చగా ఉంది.

ల్యాబు పెద్ద వచ్చి ఆమె కుర్చీలోనే కూర్చుని చూశారు.

"గుర్తులు దేంతో చెరిపావమ్మా?"

"చెరపలేదు సార్. నకలు ఆపాను. కణాలు చీలిన కొద్దీ అవే పలచబడ్డాయి."

"ఓపికంటే నీదే. వంటింటి అలవాటు," అని నవ్వారు. "వచ్చే నెల సదస్సులో దీని గురించి నేను చెప్తాలే. ఇల్లు వదిలి నీకెందుకీ ప్రయాణాలు?"

ఆయన మాట పూర్తికాకముందే ఆమె తలూపింది. బొమ్మలన్నీ వరసగా పేర్చి సాయంత్రంలోగా ఆయనకి పంపింది కూడా. పంపాక, అలా ఊపడం ఎవరి దగ్గర నేర్చుకున్నానా అని ఆలోచిస్తూ చేతి తొడుగులు విప్పింది.

ఇంట్లో పిల్ల తన గదిలో లెక్కలు చేసుకుంటోంది. అత్తగారు గొంతు తగ్గించారు.

"చెప్పావా?"

"లేదండీ."

"మరెప్పుడు? రేపేగా ఆఖరు?"

"నేను చెప్పను. వద్దన్నది మీరు. మీరే చెప్పండి."

అత్తగారు పిల్ల గది వైపు చూశారు. "దాని కళ్ళల్లోకి చూసి నేనెలా అంటానే?" అన్నారు. తర్వాత కొడుకు వైపు తిరిగారు. "నువ్వన్నా చెప్పరా."

భర్త లేచి పిల్ల గది గుమ్మం దాకా వెళ్ళాడు.

"ఏంటి నాన్నా?"

అతను తలుపు రెక్క పట్టుకుని నిలబడ్డాడు. "ఏం లేదు. లెక్కలు అయ్యాయా?" అన్నాడు. తిరిగి వచ్చి పేపరు తీశాడు.

ఆమె అయస్కాంతం తీసి, కాగితం మీద సంతకం పెట్టి, మళ్ళీ అక్కడే అతికించింది. పిల్లని వద్దనడం ఆ ఇంట్లో ఆమెకి తప్ప ఎవరికీ చేతకాదు.