రేపటి నిప్పు

పొద్దున్నే లేచి బాయిలర్ కింద నాలుగు కట్టెలు రాజేస్తే గానీ పోశయ్యకు చాయ్ గొంతు దిగదు. ముప్పయ్యేళ్లు మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. ఇంట్లో కూడా ఆ నిప్పును ఇంకెవర్నీ ముట్టనివ్వడు, భార్య సమ్మమ్మను సైతం.

డెబ్బై ఎనిమిదిలో మట్టెవాడలోని తన ఇంటికి వెనక ఇంకో గది వేయించాడు. చలికాలమొస్తే సమ్మమ్మ కాళ్లు కొయ్యబారిపోతాయి. అందుకని షాబాదు బండలు పరిచే ముందే కింద ఇనుప పైపులు వేయించి, బాయిలర్ వేడినీళ్లు వాటిలో తిరగాలని పట్టుబట్టాడు. వాడకట్టంతా నవ్వింది. నల్లాల మేస్త్రీ గౌస్ పాషా మాత్రం నవ్వకుండా, ముగ్గు వేసినట్టు పైపులను వంపులు తిప్పి బిగించాడు.

"ఎప్పుడు గరమైతది తమ్మీ?" అని అడిగింది సమ్మమ్మ.

"కల్ అక్కా, కల్."

వాళ్ల భాషలో కల్ అంటే రేపూ అవుతుంది, నిన్నా అవుతుంది. అతను చెప్పింది రేపని. పైపులు నిన్న అని విన్నాయి. అప్పట్నుంచి ఇవాళ పెట్టిన మంటకు బండలు నిన్ననే వెచ్చబడేవి. దాన్నెవరూ పెద్దగా పట్టించుకోలేదు. కాళ్లకు వెచ్చగా ఉంది, సమ్మమ్మకు అదే పదివేలు. బండలు చల్లగా తగిలిన రోజు మాత్రం, మర్నాడు మంట ఉండదని తెలిసిపోయి, "రేపు ఎటు పోతానవ్?" అని నిలదీసేది. పోశయ్య దొరికిపోయి, "హసన్‌పర్తిల పెండ్లున్నది," అని నసిగేవాడు.

ఒక మంగళవారం పొద్దున బండలు చల్లగా ఉన్నాయి.

"రేపు ఎటు పోతానవ్?"

"ఎటు లేదు."

"నిజం చెప్పు."

"నీ తోడు, ఎటూ పోతలే." ఎడమ భుజం రుద్దుకుంటూ అన్నాడు పోశయ్య. "జర గ్యాసైనట్టున్నది."

సమ్మమ్మ అతని భుజం వంక చూసింది. ఊళ్లోనే ఉండే మనిషి రేపు మంట పెట్టకపోవడమేమిటి? ఇంకో మాట లేకుండా రిక్షా పిలిచి, గొణుగుతున్న మొగుణ్ణి పెద్ద దవాఖానకు తీసుకుపోయింది. అక్కడి మెట్ల మీదే అతను కుప్పకూలాడు. నలుగురు పరుగెత్తుకొచ్చి లోపలికి మోసుకెళ్లారు.

గంజి కాయడానికి ఇంటికి వచ్చినప్పుడల్లా ఆమె ముందు ఆ గదిలోకి వెళ్లి పాదం ఆనించి చూసేది. ఎనిమిది రోజులు చల్లగానే తగిలింది. ఒకసారి అగ్గిపెట్టె పట్టుకుని బాయిలర్ దాకా వెళ్లింది గానీ, గీయడానికి చేయి రాలేదు. అది ఆయన పని.

తొమ్మిదో రోజు పొద్దున పాదానికి వెచ్చగా తగిలింది. సమ్మమ్మ గంజి సంగతి మరిచి, ఆ బండల మీదే కూలబడి బోరున ఏడ్చింది.

దవాఖానకు వచ్చీ రాగానే ఆమె బట్టలు సంచిలో సర్దుతుంటే పోశయ్య వింతగా చూశాడు.

"డాక్టర్ ఇంటికి పొమ్మన్నడానే?"

"ఇంకా అన్లే," అంది సమ్మమ్మ. "మాపటికల్లా అంటడు."