పద్మనాభం పిండిన బిళ్లలు

ఇనుము పోత పోసే ఫరీదాబాద్ ఫౌండ్రీ నుంచి తిరిగొచ్చిన అట్టపెట్టెను లెవి విప్పాడు. నోయిడాలోని తమ చిన్న కార్ఖానాలో చేసిన సిరామిక్ ఫిల్టర్లే. ఒకదాన్ని కిటికీకి ఎదురుగా ఎత్తి పట్టుకున్నాడు. చిల్లుల్లోంచి వెలుగు రావాలి. సగానికి సగం రాలేదు. ఇవి పెద్ద సైజువి, పెద్దవి పిండేది పద్మనాభం ఒక్కరే.

ఆ పని వినడానికి తేలికే. సిరామిక్ పొడి కలిపిన చిక్కటి స్లర్రీలో స్పాంజి బిళ్లను ముంచాలి, పిండాలి, ఆరబెట్టి కొలిమిలో కాల్చాలి. స్పాంజి కాలిపోతుంది, దాని ఒంటికి అంటుకున్నది గట్టిపడి రాతి జల్లెడలా మిగులుతుంది. కరిగిన ఇనుమును అందులోంచి పోస్తే మడ్డి ఆగిపోతుంది. తిప్పలన్నీ పిండడం దగ్గరే. ఎక్కువ పిండితే ఫిల్టరు పెళుసవుతుంది, తక్కువైతే చిల్లులు పూడుకుపోతాయి. పెద్ద ఫ్యాక్టరీల్లో ఆ పని రోలర్లు చేస్తాయి. ఇక్కడ రోలర్లకు దిక్కు లేదు, కాకినాడ నుంచి వచ్చి ఇక్కడే తల నెరిసిన పద్మనాభం చేతులున్నాయి. ఇంజినీరింగ్ పట్టాతో గాల్లో తేలుతూ వచ్చిన ఢిల్లీ ఆర్.కె. పురం కుర్రాడు లెవిని తిట్టి, పక్కన కూర్చోబెట్టుకుని, తన క్యారియర్లోంచి పప్పన్నం పెట్టి మరీ పని నేర్పింది ఆయనే.

ఆ మధ్యాహ్నం హీటర్ మీదున్న క్యారియర్‌ను పద్మనాభం వట్టి చేతులతో తెచ్చారు. అందుకోబోయిన లెవికి వేళ్లు చురుక్కుమన్నాయి. ఆయన మాత్రం దాన్ని అలాగే పట్టుకుని, నిదానంగా మూత తీస్తున్నారు. ఆయనకు ఏళ్లుగా షుగరు; లెవి తల్లి సరళకుమారి నర్సు. షుగరు ముదిరితే స్పర్శ పోతుందని ఇంట్లో వింటూ పెరిగినవాడికి ఆ చిల్లులు ఎందుకు పూడాయో విడమరిచి చెప్పనక్కర్లేదు.

అంతలో యజమాని దశరథ్ వచ్చి, ఆ పెట్టె ఎవరి నిర్వాకమని అడిగాడు.

"మేరీ గల్తీ హై, సర్. స్లర్రీ చిక్కగా కలిపాను" అనేశాడు లెవి. దశరథ్ గొణుక్కుంటూ తన గదిలోకి పోయాడు.

పద్మనాభం చెయ్యి కడుక్కొచ్చారు. "అబద్ధం ఎందుకు చెప్పావురా?"

"మీ చేతులకి తెలియట్లేదని నాకు అర్థమైంది, అంకుల్. ఛోడియే, వదిలెయ్యండి. ఎవరికీ చెప్పను."

"చలికి మొద్దుబారాయనుకున్నాను. అలా అనుకుంటేనే బాగుంది మరి" అన్నారాయన. "నువ్వు చెప్పకపోతే రేపు కూడా నేనే పిండుతాను. ఇనుము దిగక పొంగిందంటే అక్కడ పోసేవాడి కాళ్ల మీద పడుద్ది. నా పరువు కోసం ఆడి కాళ్లు కాలాలా?"

ఆయన తిన్నగా దశరథ్ గదిలోకి వెళ్లారు. అద్దంలోంచి లెవి చూస్తూనే ఉన్నాడు. పద్మనాభం రెండు చేతులూ చాపి ఏదో చెబుతున్నారు. దశరథ్ లేచి నిలబడి తన కుర్చీ ఆయన వైపు జరిపాడు. ఆయన కూర్చోలేదు.

తిరిగొచ్చి, "నన్ను మానెయ్యమనలేదు. పిండడం మానెయ్యమన్నాడు" అన్నారు. ఆ రెంటికీ ఆయన దగ్గర పెద్ద తేడా లేదని లెవికి తెలుసు.

పద్మనాభం పెద్ద స్పాంజి బిళ్ల ఒకటి స్లర్రీలో ముంచి, లెవి చేతుల్లో పెట్టారు. తన అరచేతులు అతని చేతుల మీద వేసి నొక్కించారు. తెల్లటి ద్రవం మణికట్ల దాకా కారింది.

"ఇంకొంచెం. నెమ్మదిగా. లోపల గాలి కదిలినట్టు అవుద్ది, అక్కడ ఆగాలి. తెలుస్తుందా?"

"తెలుస్తోంది, అంకుల్."

ఆయన చేతులు తియ్యలేదు.

"ఎలా ఉందో చెప్పు" అన్నారు.